పెదనాన్న లెక్కలో నేను చిత్తు

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు నా జియు జిట్సు (బ్రెజిల్‌లో రూపుదిద్దుకున్న, నేల మీద కలబడే కుస్తీ) మ్యాచ్ వీడియో మా పెదనాన్నకి ఫోన్‌లో చూపించాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, ఫోన్‌ని చేయి చాచి దూరంగా పట్టుకుని, పది పదిహేను సెకన్లు చూసి తిరిగి నా చేతిలో పెట్టేశారు.

"అయిపోయింది కదరా. చిత్తయిపోయావు. ఇంకేం చూడమంటావు?"

ఇంకా నాలుగు నిమిషాల పైన ఆట ఉంది. అసలు సంగతంతా అందులోనే ఉంది. కానీ ఆయన్నేమీ అనడానికి లేదు. 71 ఏళ్ళ మనిషి. కుర్రతనంలో తాలింఖానాలో సాము చేశారు, కోడి రామ్మూర్తి నాయుడి కథలు వింటూ పెరిగారు. ఆయన ఎరిగిన కుస్తీలో రెండు భుజాలూ నేలకి ఆనాయంటే చిత్తు, అంతటితో సరి. నేనేమో రెండున్నరేళ్ళుగా నెలనెలా డబ్బు కట్టి మరీ వెల్లకిలా పడుకోవడం నేర్చుకుంటున్నాను.

హైదరాబాద్‌లో మా ఆఫీసు దగ్గర్లో ఉన్న జిమ్‌లో చేరేటప్పటికి నాకు 36 ఏళ్ళు, బరువు 66 కిలోలు. నడుం నొప్పికి ఏదో ఒక వ్యాయామం చెయ్యమన్నాడు డాక్టరు. నేను ఎంచుకున్నది ఇదని ఆయనకి ఇప్పటికీ చెప్పలేదు. మా బ్యాచ్‌లో ఎక్కువమంది పాతికేళ్ళ లోపువాళ్ళు, నాకన్నా బరువైనవాళ్ళు. నించుని కలబడితే కింద పడేది నేనే. అంచేత గార్డ్ నేను ముచ్చటపడి ఎంచుకున్నది కాదు, మొదటి రోజు నుంచీ నేనున్న చోటే అది.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. కింద ఉన్నవాడు ఎదుటివాణ్ణి తన కాళ్ళతో ఆపుకుంటే దాన్ని గార్డ్ అంటారు. కాళ్ళు వాడి నడుం చుట్టూ వేసి వెనక మడమలు మెలేస్తే క్లోజ్డ్ గార్డ్. వాడి ఒక్క కాలే దొరికితే హాఫ్ గార్డ్. మెలి విప్పి పాదాలు, మోకాళ్ళతో దూరం కాస్తే ఓపెన్ గార్డ్. పైవాడు ఆ కాళ్ళు దాటి పక్కకి వచ్చి అదిమిపెడితే 3 పాయింట్లు. కిందవాడు వాణ్ణి తిరగేసి తాను పైకొస్తే స్వీప్, 2 పాయింట్లు. లేదంటే కిందనుంచే గొంతో, చెయ్యో బిగిస్తే వాడు ట్యాప్ చేస్తాడు, అంటే చేత్తో తట్టి ఓటమి ఒప్పుకుంటాడు, ఆట ముగుస్తుంది. కింద ఉన్నంత మాత్రాన ఒక్క పాయింటు కూడా పోదు. ఇది పెదనాన్నకి చెబితే "అదేం ఆటరా" అన్నారు.

మొదటి నాలుగు నెలలు నా గార్డ్ అంటే దాక్కునే గది. ఎవడు మీదికొచ్చినా కాళ్ళు నడుం చుట్టూ వేసి, మడమలు మెలేసి, పళ్ళు బిగించి పట్టుకునేవాణ్ణి. తొడలు కొంకర్లు పోయేవి. చేతులతో వాడి కాలర్ లాగుతూ ఉండేవాణ్ణి, ఎందుకో నాకే తెలీదు. ఐదు నిమిషాల రోల్‌లో, అంటే సాధన పోరులో, నాలుగు నిమిషాలు అలా వేలాడి, చివరి నిమిషంలో కాళ్ళు జారిపోయి, పక్కకొచ్చినవాడి ఛాతీ కింద నలిగి ట్యాప్ చేసేవాణ్ణి. నాలుగు నిమిషాలు ఆపాను కదా అని నాకో తృప్తి.

మా కోచ్ నాకన్నా ఏడెనిమిదేళ్ళు చిన్నవాడు, వరంగల్ వైపు కుర్రాడు, పర్పుల్ బెల్ట్, అంటే వైట్, బ్లూ దాటాక వచ్చే మెట్టు. ఒకరోజు నీళ్ళు తాగుతుంటే పక్కకొచ్చి కూర్చున్నాడు. "అన్నా, ఏమనుకోకు. నువ్వు పండుకుంటున్నవ్. కొట్లాడ్తలేవు" అన్నాడు.

ఏమీ అనుకోలేదని చెప్పాను. ఇంటికెళ్ళేదాకా అనుకుంటూనే ఉన్నాను.

దీనికి తోడు నాకో చిక్కుండేది. అది బ్రెజిల్‌వాళ్ళకి ఉండదనుకుంటా. మనకి కాలు ఎవరికైనా తగిలితే వెంటనే వాళ్ళని ముట్టుకుని కళ్ళకద్దుకోవడం అలవాటు. గార్డ్‌లో కిందవాడి అసలు ఆయుధం పాదం. ఎదుటివాడి తుంటి ఎముక మీద, కండ మీద, ఒక్కోసారి భుజం మీద పాదం పెట్టి దూరం కాయాలి. నేనేమో పాదం వాడి ఛాతీకి తగలగానే లాక్కుని, మ్యాట్ మీదే చేయి కళ్ళకి అద్దుకునేవాణ్ణి. ఆ క్షణంలోనే వాడు నా రెండు కాళ్ళ పాంట్ అంచులు పట్టుకుని అటు విసిరి ఇటు నుంచి వచ్చేసేవాడు. టొరియాండో పాస్ అంటారు దాన్ని, ఎద్దుల ఆటలో గుడ్డ ఊపి పక్కకి తప్పుకునేవాడి పేరుతో. ఒకసారి మా బ్యాచ్ కుర్రాడే "అన్నా, దండం తర్వాత పెట్టుకో, ముందు కాలు పెట్టు" అని కసిరాడు. ఈ సంకోచం పోవడానికి నాకు దగ్గర దగ్గర ఆరు నెలలు పట్టింది. బెరుకు మనసులో ఉన్నన్నాళ్ళూ ఓపెన్ గార్డ్ గురించి ఎన్ని వీడియోలు చూసినా దండగే.

ఐదో నెలలో పక్కటెముక దగ్గర పట్టేసింది. తప్పు నాదే. ఎదుటివాడు నా కాళ్ళు మెడ మీదికి వచ్చేలా మడిచి బరువంతా వేస్తుంటే, వదిలేసి మరో దారి చూసుకోకుండా మడమల మెలి అలాగే బిగించి పట్టుకున్నాను. టక్‌మని చప్పుడైంది. ఆరు వారాలు మ్యాట్‌కి దూరం. తుమ్మొస్తే ప్రాణం పోయినంత పని.

ఆ ఆరు వారాల్లో కోచ్ నాకో పని పెట్టాడు. 1994 డిసెంబర్ 16న అమెరికాలోని టల్సాలో జరిగిన నాలుగో యూఎఫ్‌సీ (ఏ విద్యవాళ్ళైనా కలబడే పోటీ) ఫైనల్ చూడమన్నాడు. జియు జిట్సు ఆడే రాయిస్ గ్రేసీ మీద డాన్ సెవెర్న్. సెవెర్న్ పేరున్న కుస్తీ మల్లుడు, గ్రేసీ కన్నా 30 కిలోలకి పైగా బరువు. ఎత్తి పడేసి మీద కూర్చున్నాడు. పెదనాన్న లెక్కన మొదటి నిమిషంలోనే ఆట అయిపోయింది. కానీ 15 నిమిషాల 49 సెకన్ల దగ్గర ట్యాప్ చేసింది సెవెర్న్. గ్రేసీ కిందనుంచే కాళ్ళు మెడ చుట్టూ త్రికోణంలా బిగించేశాడు. ఆట అంతసేపు సాగుతుందని ఎవరూ అనుకోలేదు. టీవీకి కేటాయించిన సమయం అయిపోయి, డబ్బు కట్టి చూస్తున్న చాలామందికి ముగింపు రాకుండానే ప్రసారం ఆగిపోయిందట.

నేను ఆ ముగింపుని ఒకసారి చూసి వదిలేశాను. దానికి ముందున్న పదిహేను నిమిషాలే మళ్ళీ మళ్ళీ చూశాను. మామూలుగా చూస్తే అక్కడేమీ జరగదు, ఒక పెద్ద మనిషి ఒక సన్నటి మనిషి మీద పడుకుని ఉంటాడు. నాలుగోసారి చూస్తున్నప్పుడు కనిపించింది. కిందవాడి కాళ్ళకి పని ఆగట్లేదు. నడుం దగ్గర ఉండాల్సిన కాళ్ళు కాస్త పైకి, ఇంకాస్త పైకి, భుజాల వైపు పాకుతున్నాయి. నా గార్డ్‌లో కాళ్ళు తాళం వేసిన తలుపు. ఆ మనిషి కాళ్ళు ఎక్కడెక్కడ సందు దొరుకుతుందో వెతుకుతున్న చేతులు.

తిరిగి వెళ్ళాక కోచ్ నన్ను మళ్ళీ ఓనమాల దగ్గర కూర్చోబెట్టాడు. మొదటిది ష్రింప్. మొదటి రోజు ఆ మాట విన్నప్పుడే నవ్వొచ్చింది నాకు. మాది భీమవరం దగ్గర పల్లె, చుట్టూ రొయ్యల చెరువులే. వలలో పడ్డ రొయ్య పొట్ట ముడుచుకుని, తోకతో ఒక్క విదుపు విదిలించి వెనక్కి ఎగురుతుంది. సరిగ్గా అదే పని. ఒక పాదం నేలకి తన్ని, పక్కకి తిరిగి, పిరుదులు వెనక్కి నెట్టడం. ఇన్నాళ్ళూ వార్మప్‌లో మ్యాట్ ఆ చివర నుంచి ఈ చివరకి చేసి, రోల్ మొదలవగానే మర్చిపోయేవాణ్ణి. వీపు మొత్తం నేలకి అతుక్కుని ఉంటే నడుం కదలదు, నడుం కదలకపోతే కాలికి బలం లేదు. పక్కకి ఒత్తిగిలితే నేలకి ఆనేది ఒక తుంటి, ఒక భుజమే. పెదనాన్న భాషలో చెప్పాలంటే అప్పుడు పూర్తిగా చిత్తు కానట్టే.

రెండోది ఫ్రేమ్. మా ఊళ్ళో అరటిచెట్టు గెల బరువుకి వాలిపోకుండా వెదురు కర్ర ఊతం పెడతారు. కర్ర చెట్టుని తోయదు, ఊరికే నిలబడుతుంది, అంతే. మోచేయి నుంచి మణికట్టు దాకా ఉన్న ఎముకని వాడి మెడ ఎముక దగ్గర అడ్డంగా, ఇంకో చేతిని తుంటి దగ్గర పెడితే బరువు ఎముక మోస్తుంది. నేను అంతకుముందు అరచేతులతో తోసేవాణ్ణి. మా బ్యాచ్‌లోని 92 కిలోలవాణ్ణి చేతి కండతో ఎంతసేపు తోస్తాం? పైగా చాచిన చేయి కనబడితే దాన్ని ఎదుటివాడు పట్టుకుపోతాడు. ఊతం పెట్టాక వాణ్ణి జరపనక్కర్లేదు, ఆ కర్రకి ఇవతల నేనే రొయ్యలా జరిగి, దొరికిన సందులోకి మోకాలు తెచ్చుకోవాలి. మోకాలికీ మోచేతికీ మధ్య ఎదుటివాడి తల పట్టేంత ఖాళీ వచ్చిందంటే గార్డ్ పోయినట్టే. అందుకే వాడు ఎటు తిరిగితే అటు మోకాలూ మోచేయీ కలిసి తిరగాలి. అన్నీ పోయినా ఈ రెండూ మిగిలితే చాలు, గార్డ్‌ని మళ్ళీ కట్టుకోవచ్చు.

ఇక క్లోజ్డ్ గార్డ్. నాకు బాగా ఇష్టమైనది ఇదే. ఇందులో నా కళ్ళు తెరిపించిన విషయం ఒకటుంది, దాని దగ్గర కాస్త ఆగుతాను.

పైవాడు నడుం నిటారుగా పెట్టి కూర్చున్నంతసేపూ కిందవాడు చేయగలిగింది తక్కువ. వాణ్ణి ముందుకి వంచాలి. నేను చేతులతో లాగేవాణ్ణి, వాడు వీపుతో ఆపేవాడు, నా చేతులు ముందు అలిసిపోయేవి. కోచ్ చెప్పింది, "చేతులు ఊరికే పట్టుకో అన్నా, గుంజేది మోకాళ్ళతోటి." కాలర్‌లో ఒక చేయి లోతుగా పెట్టి, ఇంకో చేత్తో వాడి చొక్కా చేతిని మోచేయి దగ్గర పట్టుకుని, మోకాళ్ళు నా ఛాతీ వైపు లాక్కుంటే నా తొడల బలమంతా వాడి వీపు మీద పడుతుంది. వాడు ముక్కు నేలకి రాయకుండా ఉండాలంటే చేయి నేల మీద పెట్టాలి. ఆ పెట్టిన చేయే నాకు కావాల్సింది.

అయినా అక్కడే చాలా కాలం తన్నుకున్నాను, ఎందుకంటే వాడికి ఎదురుగానే ఉండిపోయేవాణ్ణి. ముక్కుకి ముక్కు సూటిగా ఉన్నంతసేపూ బరువున్నవాడిదే గెలుపు. ఒక శనివారం కోచ్ నా తల పట్టుకుని గడియారం ముల్లులా ఓ పక్కకి తిప్పాడు. నా నడుం వాడి నడుముకి కాస్త అడ్డంగా వచ్చింది. అంతే, అప్పటిదాకా ఎంత ఎత్తినా ఎక్కని కాలు వాడి భుజం మీదికి దానంతటదే ఎక్కింది. అదే కాలర్ పట్టు గొంతుకి బిగుసుకుంది. బలం ఏమీ పెరగలేదు, నేనున్న కోణం మారింది. ఆ రోజు ఇంటికెళ్ళి మా ఆవిడకి దిండు పెట్టి చూపించబోయాను. "పిల్లలు పడుకున్నారు" అంది.

తర్వాత అర్థమైంది, ఒక్క దాడితో పని జరగదని. నాకు బాగా కుదిరిన మూడింటి కూటమి ఇది. పైవాడు నిటారుగా కూర్చుంటే నేను మడమల మెలి విప్పి, ఒక చేయి వెనక నేలకి ఊని లేచి కూర్చుని, ఇంకో చేయి వాడి భుజం మీదుగా వేసి నా తుంటితో వాణ్ణి గుద్దుతాను. ఇది హిప్ బంప్. వాడు ఏమరుపాటుగా ఉంటే వెనక్కి దొర్లిపోతాడు, నేను ఎక్కి కూర్చుంటాను. వాడు పడకుండా చేయి నేలకి ఊనితే, ఆ చేతి మణికట్టు పట్టుకుని కిమురా, అంటే చేయి వెనక్కి మెలితిప్పే పట్టు. ఆ పట్టుకి ఆ పేరు 1951లో రియో డి జెనీరోలో రాయిస్ తండ్రి హీలియో గ్రేసీ చేయి దానితో విరిచిన జపాన్ జూడో వీరుడు మసహికో కిమురాది. అలా కాకుండా వాడు తల వంచి నా మీదికి ఎదురు తోస్తే ఆ మెడ నా చంకలో ఉన్నట్టే, చేత్తో గొంతు బిగిస్తే గిలటిన్. మూడిట్లో ఏది వస్తుందో నేను నిర్ణయించను, వాడే నిర్ణయిస్తాడు. నేను గుద్ది, వాడేం చేస్తాడో చూడాలి. ఇంతకుముందు స్వీప్ తప్పిపోతే "అయ్యో" అనుకుంటూ మళ్ళీ వెల్లకిలా పడేవాణ్ణి. ఇప్పుడు మొదటిది తప్పితేనే రెండోది దొరుకుతుంది.

తెలుగులో పట్టువిడుపులు అంటాం. గార్డ్‌కి అంతకన్నా సరైన మాట నాకు దొరకలేదు. నా వేళ్ళ కణుపులు వాచి, పొద్దున పళ్ళపేస్టు మూత తీయడానికి కూడా లేకుండా పోయిన రోజులున్నాయి. కారణం, పనికిరాని పట్టుని వదలకపోవడం. పట్టు పాడైందని తెలియగానే వదిలి ఇంకోటి పట్టుకోవాలి. మడమల మెలి అంతే, విప్పాల్సినప్పుడు విప్పనందుకే పక్కటెముక పోయింది.

ఓపెన్ గార్డ్ గురించి పెద్దగా చెప్పుకోవడానికేమీ లేదు. డి లా రీవా గార్డ్ నేర్చుకుందామని మూడు నెలలు ప్రయత్నించాను. కాలు వాడి కాలి చుట్టూ బయట నుంచి మెలేసి కొక్కెంలా పెట్టాలి. నా తుంటి అంత తిరగదు. హాఫ్ గార్డ్ మాత్రం ముసలివాళ్ళ గార్డ్ అని మా వాళ్ళు ఎగతాళి చేస్తారు కానీ నాకు అన్నం పెట్టింది. మోకాలు వాడి ఛాతీకి అడ్డం, చేయి వాడి చంక కిందనుంచి వీపు మీదికి, ఒత్తిగిలి ఉండటం. చంక కింద చేయి ఎవరిదైతే ఆట వాళ్ళది. ఆ 92 కిలోల కుర్రాడితో ఇప్పటికీ నేను ఓడిపోతాను, కాకపోతే వాడిప్పుడు "ఆగన్నా, ఊపిరి తీసుకోనీ" అంటున్నాడు.

పోయిన ఏడాది చివర్లో బెంగళూరులో ఒక పోటీకి వెళ్ళాను. గీ (ఆటకి వేసుకునే మందపాటి చొక్కా, పాంట్) తో సహా 70 కిలోల లోపు, 36 ఏళ్ళు దాటిన వైట్ బెల్ట్‌లు. మా విభాగంలో ఉన్నదే ముగ్గురం, అంటే మ్యాట్ ఎక్కకముందే కాంస్యం ఖాయం. టెన్షన్ మాత్రం ఒలింపిక్స్ అంత. మొదటి మ్యాచ్‌లో పది సెకన్లలో ఎదుటివాడు నా కాళ్ళు లాగి పడేశాడు, 2-0. పెదనాన్న చూసి ఆపేసింది ఇక్కడిదాకే. పడుతూనే కాళ్ళు వాడి నడుం చుట్టూ వేశాను. హిప్ బంప్ గుద్దాను, చేయి ఊనాడు. కిమురాకి వెళ్ళాను, చేయి వెనక్కి లాక్కున్నాడు, లాక్కోవడంతో బరువు వెనక్కి పోయింది, రెండోసారి గుద్దాను, దొర్లాడు. స్వీప్‌కి 2, నేరుగా ఛాతీ మీద కూర్చున్నందుకు 4. 6-2. పైనుంచి కింద ఒక మనిషిని చూసి ఎంత కాలమైందో! ఆ ఆనందంలో ఏం చెయ్యాలో తోచలేదు. వాడు నడుం ఎగరేసి నన్ను దొర్లించాడు, మళ్ళీ నేను కింద, వాడు నా గార్డ్‌లో. అందుకు వాడికి పాయింట్లు రావు. ఒక నిమిషం పైగా మిగిలి ఉంది. ఇంక చాల్లే అని పాత అలవాటు ప్రకారం మడమలు మెలేసి పట్టుకుని కూర్చున్నాను. రిఫరీ చెయ్యెత్తి నావైపు చూసి "లూచి!" అన్నాడు. పోర్చుగీసులో పోట్లాడు అని. కోచ్ రెండేళ్ళ క్రితం అన్న మాటే.

గెలిచాను. రెండో మ్యాచ్‌లో రెండు నిమిషాలు కూడా నిలవలేదు. అవతలివాడు మోకాలితో నా తొడ మీదుగా కోసుకుంటూ వచ్చి, పక్కన స్థిరపడి, నా కాలరే నా గొంతుకి చుట్టాడు. నా ఫ్రేమ్ ఎక్కడుందంటే, అరచేతులతో తోస్తున్నాను.

ఇవన్నీ సంక్రాంతినాడు పెదనాన్నకి మాటల్లో చెప్పలేక, వసారాలో చాప పరిచి పడుకున్నాను. "మీరు రండి, నన్ను అదిమిపెట్టండి" అన్నాను. ఆయన పంచె ఎగ్గట్టి మెల్లగా మోకాళ్ళ మీద కూర్చున్నారు. నేను పాదం పైకెత్తి, ఆయన తుంటి దాకా తీసుకెళ్ళి ఆపేశాను. ఎంతైనా పెదనాన్న.

"ఏంరా, ఆగావు?"

"కాలు తగులుద్దండి."

"గోదాలో పెద్దాచిన్నా ఏంట్రా" అని నా మడమ తనే పట్టుకుని తుంటి మీద పెట్టుకున్నారు. రెండో పాదం నేనే పెట్టాను. ఆయన ముందుకి తోశారు, రాలేకపోయారు. ఇటు జరిగారు, నేనూ తిరిగాను. "ఊఁ" అన్నారు. కాసేపు నా కాళ్ళనే చూస్తూ కూర్చున్నారు. తర్వాత ఏ హడావిడీ లేకుండా ఎడమ చేత్తో నా మడమని కిందనుంచి దోసిట్లో పట్టినట్టు పట్టి, ఇంచీ ఎత్తు లేపి, కుడి భుజాన్ని నా తొడ కిందికి దూర్చారు. మోకాలు లోపలికి తెచ్చుకునేలోపే ఆయన గడ్డం నా పక్కటెముకల మీదుంది.

"ఇప్పుడు?" అన్నారు.

ఫ్రేమ్ వెతుక్కుంటుండగా వంటింట్లోంచి పెద్దమ్మ వచ్చి ఇద్దర్నీ తిట్టింది.